పాఠకుల ప్రశ్నలు: మొక్కు ఎవరిది, మోత ఎవరిది?

ఈ నెల మాకు అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే సంగతి చుట్టూ తిరిగాయి. దేవుడి మీద మనకున్న నమ్మకం ఇంట్లోనే ఉన్న మరో మనిషికి బరువుగా మారినప్పుడు ఏం చేయాలన్నది ఆ సంగతి. నర్సంపేట నుంచి ఒక కోడలు, కాజీపేట నుంచి ఒక ఉద్యోగిని, హనుమకొండ నుంచి ఒక గృహిణి, జగిత్యాల దగ్గరి పల్లె నుంచి ఒక పెద్దాయన రాసిన నాలుగు ఉత్తరాలను ఇక్కడ తీసుకున్నాను. రాసినవారిని గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు తొలగించాను. పెద్ద ఉత్తరాలు కాబట్టి అసలు విషయం పోకుండా కుదించాను.

ప్రశ్న: మా అత్తమ్మకు డెబ్భై ఏళ్లు. నాలుగేళ్ల కిందట నా భర్తకు పెద్ద జబ్బు చేసినప్పుడు, కొడుకు బతికి బట్టకడితే మేడారం జాతరకు వచ్చి, జంపన్నవాగులో స్నానం చేసి, గద్దెల దాకా నడిచి నిలువెత్తు బంగారం, అంటే బెల్లం, ఇస్తానని ఆమె సమ్మక్క తల్లికి మొక్కుకున్నది. ఆయన కోలుకున్నాడు. మొక్కు తీర్చేలోపే అత్తమ్మకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. లేపి కూర్చోబెట్టడం, స్నానం, బట్టలు, అన్నీ నేనే చూస్తాను. మొక్కు బాకీ పడినందుకే తల్లికి ఇట్లా అయిందని నా భర్త నమ్మకం. వచ్చే జాతరలో, సమ్మక్క గద్దెకు చేరే రోజునే, ఎత్తుకొని అయినా ఆమెను తీసుకుపోవాలంటున్నాడు. అంత జనంలో ఆమెను ఎలా తిప్పాలో తలచుకుంటేనే నాకు భయమేస్తుంది. వద్దంటే నీకు భక్తి లేదంటున్నారు. నేను అనేది తప్పా?

జవాబు: తప్పేమీ లేదమ్మా. రోజూ ఆమెను లేపి కూర్చోబెడుతున్న మీకు తెలిసినంతగా ఆమె ఒంటి స్థితి మరెవరికీ తెలియదు కనుక, ఈ ఒక్క విషయంలో ఇంట్లో అందరి మాటకన్నా మీ మాటకు ఎక్కువ విలువ ఉండాలి.

ముందుగా మీ భర్త మనసులో ఉన్న భయం గురించి చెప్పాలి. కన్నతల్లి తన కోసం మొక్కుకొని, ఆ మొక్కు తీరకుండానే మంచాన పడితే, కొడుకు తనను తాను తప్పుపట్టుకోవడం సహజం. ఆయన పట్టుదల వెనుక ఉన్నది ఆ బాధే కాబట్టి, ఆయనతో వాదనకు దిగకుండా మెల్లగా మాట్లాడండి. పక్షవాతం మెదడుకు రక్తం తీసుకుపోయే నాళం పూడుకుపోవడం వల్లనో, చిట్లడం వల్లనో వస్తుందనీ, అధిక రక్తపోటు, చక్కెర వ్యాధి, పొగాకు దానికి పెద్ద కారణాలనీ డాక్టరు చేతనే ఆయనకు చెప్పించండి. ఒకసారి వచ్చినవారికి మళ్లీ వచ్చే ప్రమాదం ఉంటుంది. దేవత కోపం వల్లనే వచ్చిందని నమ్మిన ఇంట్లో రక్తపోటు మాత్ర మీద శ్రద్ధ మెల్లమెల్లగా తగ్గిపోవడం నేను చూశాను. అన్నిటికన్నా నాకు భయం దాని గురించే.

ఇక సమ్మక్క తల్లి గురించి. మేడారంలో విగ్రహం లేదు, గోపురం లేదు. మాఘ పౌర్ణమి వేళ రెండేళ్లకొకసారి కోయ పూజారులు కన్నెపల్లి నుంచి సారలమ్మను, మరునాడు చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణె రూపంలో సమ్మక్కను తెచ్చి గద్దెల మీద నిలుపుతారు. ఆ తల్లి కథ మన ప్రాంతంలో పిల్లలకు కూడా తెలుసు. కరువు వచ్చి, పంట పోయి, కప్పం కట్టలేని స్థితిలో ఉన్న తన జనం పక్షాన నిలబడి కాకతీయ సైన్యంతో పోరాడిందనీ, కొడుకు జంపన్న సంపెంగ వాగులో ప్రాణం విడిచినందుకే దానికి జంపన్నవాగు అన్న పేరు వచ్చిందనీ చెప్పుకుంటాం. కట్టలేనివాళ్ల దగ్గర కప్పం వసూలు చేయడం అన్యాయమని ప్రాణం పెట్టిన తల్లి, కాలు కదపలేని ముసలమ్మ దగ్గర మొక్కు బాకీ వసూలు చేస్తుందని మనం ఎట్లా అనుకుంటాం? ఈ మాట మీ భర్తతో తప్పకుండా అనండి. ఆయన భక్తిని తక్కువ చేయకుండానే ఆయన భయాన్ని తగ్గించే మాట ఇది.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో మీ భర్త ఏమంటున్నాడో ఉంది, చుట్టాలు ఏమంటున్నారో ఉంది, అత్తమ్మ ఏమంటున్నదో మాత్రం లేదు. ఆమెకు మాట స్పష్టంగా రాకపోయినా, తల ఊపి అయినా, ఎడమ చేతితో సైగ చేసి అయినా తన మనసు చెప్పగలదేమో చూడండి. ఆమెకు పోవాలని ఉంటే, డాక్టరు సరేనంటే, జాతర నాలుగు రోజుల్లోనే పోవాలన్న నియమం ఏదీ లేదు. గద్దెలు ఏడాది పొడవునా అక్కడే ఉంటాయి, భక్తులు మామూలు రోజుల్లోనూ వస్తూనే ఉంటారు. జాతర రోజుల్లో సొంత వాహనాలను ఎక్కడో దూరంగా నిలిపి నడవవలసి వస్తుంది. వరంగల్ నుంచి దాదాపు 100 కిలోమీటర్ల ప్రయాణం తర్వాత ఆ నడక, ఆ తోపులాట ఆమె వంటి మనిషి తట్టుకోలేదు. జనం పలుచగా ఉన్న రోజు చూసుకొని, చక్రాల కుర్చీ వెంట పెట్టుకొని, వాగు నీళ్లు నెత్తిన చల్లి దర్శనం చేయించి తీసుకురావచ్చు.

ఆమెకు పోవాలని లేకపోతే, మొక్కు మీ భర్త తీర్చాలి. మొక్కినది ఆమె, ఫలం పొందినది ఆయన, మోస్తున్నది మీరు. ఈ లెక్క ఎక్కడో సరిదిద్దుకోవాలి కదా! జబ్బు నయమైన కొడుకు తన ఎత్తు బంగారాన్ని, అంటే తన బరువుకు సరితూగే బెల్లాన్ని, ఇంటి దగ్గరే కాంటా మీద తూయించి, తల్లి చెయ్యి తాకించి, తానే వాగులో స్నానం చేసి, తానే గద్దెల దాకా నడిచి సమర్పిస్తే ఆ మొక్కులో ఏ లోటూ ఉండదు. తిరిగి తెచ్చిన బంగారం ముక్క మొదట ఆమె నోట్లో పెట్టాలి.

ఇంకొక మాట కూడా ఆయనకు చదివి వినిపించండి. తల్లికి సేవ చేసే పని ఒక్క కోడలిది కాదు. మంచాన ఉన్న మనిషిని సుమారు రెండు గంటలకొకసారి పక్క తిప్పకపోతే వీపు మీద, నడుము దగ్గర, మడమల మీద పుండ్లు పడతాయి. లేపేటప్పుడు పడిపోయిన చెయ్యి పట్టి లాగకూడదు, భుజం కీలు జారుతుంది. వీపు వెనుక ఒక చెయ్యి, నడుము దగ్గర ఒక చెయ్యి వేసి, ఆమె మంచి కాలు నేలకు ఆనిన తర్వాతనే నిలబెట్టాలి. ఈ పద్ధతి మీ భర్త ఒక ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకోవచ్చు. రాత్రి పూట పక్క తిప్పే పని ఆయన తీసుకుంటే మీకు నాలుగు గంటలు నిద్ర దొరుకుతుంది. అదంతా అయిన తర్వాత ఎవరి భక్తి ఎంతో మాట్లాడుకోవచ్చు.

ప్రశ్న: నేను కాజీపేటలో ఒక కార్యాలయంలో పని చేస్తాను. నా పక్కన కూర్చునే స్నేహితురాలు క్రైస్తవురాలు. ఏళ్లుగా ఇద్దరం ఒకే డబ్బాలో తింటున్నాం. ఐనవోలు మల్లన్న దగ్గర మొక్కుగా పట్నం (రంగుల ముగ్గు) వేయించి వచ్చి ప్రసాదం ఇస్తే వద్దన్నది. అందరి ముందు నా చెయ్యి అట్లాగే ఉండిపోయింది. ఆమె మా దేవుణ్ణి అవమానించిందా?

జవాబు: లేదమ్మా. మీ చేతి అన్నం ఏళ్లుగా తింటున్న మనిషి మిమ్మల్ని గానీ మీ దేవుణ్ణి గానీ అవమానించాలని అనుకోలేదు. పూజలో నివేదించిన ఆహారం తినవచ్చా లేదా అన్న చర్చ క్రైస్తవంలో తొలినాటి నుంచీ ఉంది. తినకూడదని గట్టిగా నమ్మే కుటుంబాలు మన చుట్టూ చాలా ఉన్నాయి. ఆమె తన నియమం పాటించింది. అది ఆమె తన మీద తాను పెట్టుకున్న నియమం, మీ మీద పెట్టినది కాదు.

మన ప్రాంతంలో కాజీపేట దర్గా ఉర్సుకు అన్ని మతాలవారూ పోతారు, వేములవాడ రాజన్న గుడి ఆవరణలోనే దర్గా ఉంది, ఎన్నో ఊళ్లలో పీర్ల పండుగకు హిందువులు పీరీలు ఎత్తుతారు. అందరివీ అందరం పంచుకుంటామన్న అలవాటు మన రక్తంలో ఉంది కనుక, ఎవరైనా ఒకటి వద్దంటే మనకు వెంటనే గుచ్చుకుంటుంది. ఆ అలవాటు గొప్పదే. అయినా పంచుకోవడం ఇష్టం మీద నడవాలి. మరుసటిసారి మల్లన్న దగ్గరికి పోయినప్పుడు దారిలో జామకాయలో సీతాఫలాలో కొని, ఇవి నీ కోసం విడిగా తెచ్చానని ఇవ్వండి. ఆమె కూడా, వద్దనే మాటను నలుగురిలో కాక మీతో విడిగా ముందే చెప్పి ఉంటే బాగుండేది. ఆ మాట మీరే నవ్వుతూ ఆమెతో అనగలిగేంత దగ్గరివారని ఉత్తరం చదివితే తెలుస్తున్నది.

ప్రశ్న: మేము హనుమకొండలో అపార్టుమెంటులో ఉంటాం. ఎనిమిదేళ్లుగా మా ఇంట్లో ఒకామె పని చేస్తున్నది. ఆమెకు టీ ఇచ్చే స్టీలు గ్లాసు వేరు. మిగతావాటిలో కలవకుండా దాని అడుగున గోళ్ల రంగుతో ఎర్రటి చుక్క పెట్టి, బాల్కనీలో కుళాయి పక్కన బోర్లించి ఉంచుతారు మా అత్తగారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. పనామె కొడుకు కాలేజీ ఫీజు ఒకసారి తానే కట్టింది, ఏటా బతుకమ్మకు చీర పెడుతుంది. కానీ ఇంట్లో రోజూ అమ్మవారి పూజ ఉంది కాబట్టి మడి తప్పకూడదంటుంది. మొన్న తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి, 'మనం తాగే గ్లాసులన్నీ తోమేది ఆమే కదా, వాటిలో ఆమె తాగితే ఏమవుతుంది?' అని అడిగింది. నాకు జవాబు దొరకలేదు. పెద్దావిడ మనసు నొప్పించకుండా దీన్ని ఎట్లా మార్చాలి?

జవాబు: మీకు జవాబు దొరకకపోవడానికి కారణం, ఆ ప్రశ్నకు జవాబు లేకపోవడమే. ఆ గ్లాసు గురించి ముందు సూటిగా చెప్పవలసిన మాట చెప్పి, తర్వాత మీ అత్తగారి దగ్గరికి వస్తాను. ఒక మనిషి పుట్టుకను బట్టి ఆమె తాగే పాత్రను వేరు చేయడం అంటరానితనం. రాజ్యాంగం 17వ అధికరణం దాన్ని రద్దు చేసింది, 1955లో వచ్చిన పౌరహక్కుల రక్షణ చట్టం దాన్ని పాటించడాన్ని నేరం చేసింది. మా ఇంట్లో అది కులం కోసం కాదు, శుభ్రత కోసమని చాలామంది అంటారు. శుభ్రత కోసమే అయితే ఇంటికి వచ్చే చుట్టాలకూ, బ్యాంకు ఉద్యోగికీ, టీవీ బాగు చేసేందుకు వచ్చినవారికీ కూడా అడుగున చుక్క పెట్టిన గ్లాసులే ఉండాలి. అవి లేవంటే మనకు విషయం తెలిసినట్టే.

మీ అత్తగారు చెడ్డవారు కాదని మీరు రాసినది నేను నమ్ముతున్నాను. ఫీజు కట్టిన చెయ్యి, చీర పెట్టిన చెయ్యి నిజంగా దయ గల చేతులే. అయితే పైనుంచి కిందికి ఇవ్వడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటైన పని. పక్కన కూర్చోబెట్టుకోవడం అలవాటు లేని పని. ఎన్నో మంచి ఇళ్లలో దయ ఆ గడప దగ్గరే ఆగిపోతుంది. శివపూజనూ హరికీర్తననూ చెప్పిన నోటితోనే దయనూ సత్యాన్నీ తలచని పుట్టుక వ్యర్థమన్నాడు మన బమ్మెర పోతన. ఆ పద్యం మీ అత్తగారికి కంఠస్థం అయి ఉంటుంది. దాన్ని ఆవిడతోనే ఒకసారి చదివించుకొని, మీ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టండి.

మడి విషయానికి వద్దాం. మడి కట్టుకున్నవారు తాము తడి బట్ట కట్టుకుంటారు, తాము ఉపవాసం ఉంటారు, తమ చెంబు తాము విడిగా పెట్టుకుంటారు. నియమం ఎవరు పట్టారో దాని కష్టం వాళ్లే పడతారు. దాని గౌరవం కూడా అందులోనే ఉంది. మీ అత్తగారికి మడి ముఖ్యమైతే, పూజ గదిలో తన గ్లాసు, తన పళ్లెం విడిగా పెట్టుకొని ఇంకెవరినీ ముట్టవద్దనవచ్చు, మిమ్మల్ని కూడా. దానికి ఎవరూ అడ్డు చెప్పరు. కానీ ఆవిడ మడికి అయ్యే ఖర్చు రోజూ పొద్దున బాల్కనీలో నిలబడి టీ తాగే మనిషి చెల్లిస్తున్నది. ఎనిమిదేళ్లుగా, వానలోనూ చలిలోనూ.

అమ్మవారి పేరు మీదనే ఇది జరుగుతున్నది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. మన ఊరి దేవతల కొలువుల్లో ఎవరి చెయ్యి లేకుండా ఏ పని అవుతుంది? బోనం కుండ కుమ్మరి చేసినది. ముందు డప్పు మోగకపోతే ఊరేగింపు కదలదు. మేడారంలో తల్లిని మోసుకొచ్చేది కోయ పూజారి. ఎంగిలిపూల బతుకమ్మ నాడు వేయిస్తంభాల గుడి ముందు నిలువెత్తున పేర్చే తంగేడు, గునుగు, తెల్లారకముందే చెలకల గట్ల మీద కోసి తెచ్చి అంగట్లో కుప్పలు పోసి అమ్మేది ఎక్కువగా కూలి చేసుకునే ఆడవాళ్లే. వాళ్లు కోసిన పువ్వును నెత్తిన పెట్టుకొని గౌరమ్మ అని మొక్కుతాం. వాళ్లు తాగిన గ్లాసు దగ్గరికి వచ్చేసరికి మన అమ్మవారికి మైల అంటుతుందనడం, ఆ అమ్మవారి గురించే మనం తక్కువగా అనుకోవడం అవుతుంది.

ఎట్లా మార్చాలన్నారు. దీన్ని ఒక వేడుకగా చేయకండి, పండుగ రోజు చూసి మొదలుపెట్టకండి, పనామె ముందు అత్తగారితో చర్చ పెట్టకండి. ఆమె గురించి ఆమె ముందే అత్తాకోడళ్లు వాదించుకుంటుంటే ఆమె ఎక్కడ చూడాలి? మొదట మీ భర్త, తన తల్లితో, ఒంటరిగా మాట్లాడాలి. ఇంట్లో కష్టమైన మాటలన్నీ కోడలి నోటనే రావాలన్న ఏర్పాటు మంచిది కాదు. మాట్లాడిన మరునాడు పొద్దున ఆ చుక్క గ్లాసు తీసేసి, అందరికీ పోసిన గ్లాసులలోనే ఆమెకూ టీ పోయండి. అత్తగారు నాలుగు రోజులు ముభావంగా ఉండవచ్చు. ఉండనివ్వండి. మీరు ఆవిడకు చేసే మర్యాదలో, వేళకు ఇచ్చే మందులో, పూజకు తెచ్చే పూలలో ఏ తేడా రానివ్వకండి. తన గ్లాసు తనకు విడిగా ఉందన్న నిశ్చింత ఆవిడకు కల్పించండి.

పనామె వైపు నుంచి కూడా ఆలోచించాలి. ఇన్నేళ్లు బయట నిలబెట్టి ఒక్కసారిగా డైనింగ్ టేబుల్ దగ్గర కుర్చీ లాగి కూర్చోమంటే ఆమెకు ఇబ్బందిగా ఉండవచ్చు. మీ తృప్తి కోసం ఆమెను కూర్చోబెట్టకండి. కుర్చీ ఉంది, ఎక్కడ నచ్చితే అక్కడ కూర్చొమ్మని చెప్పి మీ పనిలో మీరు ఉండండి. గ్లాసుతో పాటు చూసుకోవలసినవి వేరే ఉన్నాయి. వారానికి ఒక రోజు సెలవు ఉన్నదా? జ్వరం వచ్చి రాని రోజుకు జీతం కోస్తున్నారా? మీ అపార్టుమెంటు లిఫ్టు ఆమె వాడవచ్చా? ఆమెకు పెట్టే కూర ఈ రోజు వండినదా, నిన్న ఫ్రిజ్‌లో మిగిలినదా? నా అనుభవంలో గ్లాసు మార్చిన ఇళ్లలో కూడా ఈ చివరిది మారడం లేదు. మిగిలినది పారేయడం ఇష్టం లేకపోతే ఇంట్లోవాళ్లమే తిందాం, ఆమెకు వేడిగా వండినది పెడదాం.

మీ అమ్మాయి అడిగిన ప్రశ్నకు నాకు చాలా సంతోషం కలిగింది. రోజూ టీ అందించే పని ఆమెకే అప్పగించండి.

ప్రశ్న: నా వయసు డెబ్భై నాలుగు. జగిత్యాల దగ్గరి పల్లెలో వ్యవసాయం చేసి ఇద్దరు కొడుకులను, ఒక బిడ్డను పెంచాను. పెద్దవాడు దుబాయిలో, చిన్నవాడు కరీంనగర్‌లో ఉన్నారు. భూమి ఇద్దరి పేర్ల మీద రాసి ఇచ్చాను. మూడేళ్లుగా మమ్మల్ని వంతులు వేసుకున్నారు. నేను ఊళ్లో పెద్ద కోడలి దగ్గర ఉంటే నా భార్య కరీంనగర్‌లో చిన్నవాడి దగ్గర ఉంటుంది, ఆరు నెలలకు మారుస్తారు. ఇద్దరం ఒక్కచోట ఉంటే ఒక్కరి మీదే బరువు పడుతుందని వాళ్ల లెక్క. పిల్లలు పుట్టినప్పుడల్లా ఇద్దరం కలిసి వేములవాడ పోయి రాజన్నకు కోడె కట్టినవాళ్లం. ఇప్పుడు మనుమరాలి కోసం కోడె మొక్కు ఉన్నదంటే, ఎవరి వంతులో పోవాలి, ఖర్చు ఎవరిదన్న మాట వచ్చింది. వరంగల్‌లో ఉన్న బిడ్డ, అల్లుడు ఇద్దరినీ తమ దగ్గరికి రమ్మంటున్నారు. బిడ్డ సొమ్ము తింటే పాపమనీ, ఊళ్లో కొడుకులకు తలవంపులనీ, రేపు తలకొరివి పెట్టవలసింది కొడుకులే కదా అనీ నా భార్య ఒప్పుకోవడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అయ్యా, మీ ఉత్తరంలో మీరు తిండి గురించి గానీ, మందుల గురించి గానీ ఒక్క ఫిర్యాదు చేయలేదు. మీరు అడుగుతున్నది మీ భార్యతో ఒకే ఇంట్లో ఉండడం ఒక్కటే. ఇంత చిన్న కోరిక అడగడానికి ఒక పత్రికకు ఉత్తరం రాయవలసి వచ్చిందంటే నాకు చాలా కష్టంగా ఉంది.

తల్లిని ఒకరికి, తండ్రిని ఒకరికి పంచడాన్ని నేను ఏ రకంగానూ సమర్థించలేను. పొలం పంచినట్టు మనుషులను పంచకూడదు. కొడుకులకు న్యాయంగా కనిపించే ఈ లెక్కలో మీ ఇద్దరి వైపు నుంచి చూసినవారు ఎవరూ లేరు. వయసు మీద పడిన మనిషికి రాత్రి దగ్గు వస్తే లేచి నీళ్లిచ్చేది, ఏ మాత్ర వేసుకున్నాడో ఏది మరిచాడో గుర్తుంచుకునేది, పాత సంగతి చెబితే అవునని అనేది జీవిత భాగస్వామే. దాన్ని తీసేసి మూడు పూటలా అన్నం పెట్టినంత మాత్రాన పోషణ పూర్తయినట్టు కాదు.

అయితే మీ పెద్ద కోడలిని తప్పుపట్టవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు గల్ఫ్‌కు పోయిన మగవాళ్ల ఇళ్లలో పిల్లల చదువు, పొలం, చుట్టరికాలు, పెద్దల జబ్బులు అన్నీ ఒక్క ఆడమనిషి మీదే పడి ఉంటాయి. ఆమె ఇద్దరిని చూడలేనంటే అది కాఠిన్యం కావాలని లేదు, ఓపిక అయిపోయి కూడా కావచ్చు. మీరు కూరగాయలు తరగడం, పిల్లలను బడి దగ్గర దింపడం వంటి మీకు చేతనైన పని ఒకటి మీరే అడిగి తీసుకుంటే ఇంట్లో గాలి కొంత మారుతుంది.

బిడ్డ ఇంటి విషయం. బిడ్డకు సంతానం కలిగేదాకా ఆ ఇంట అన్నం తినకూడదన్న ఆచారం కొన్ని ఇళ్లలో ఉండేది. ఆ ఆచారం ప్రకారం చూసినా మీ బిడ్డకు పిల్లలు పుట్టి ఉంటే అడ్డు లేదు. 2005 నుంచి ఉమ్మడి ఆస్తిలో బిడ్డకు కొడుకుతో సమానంగా హక్కు ఉంది. తల్లిదండ్రుల పోషణ చట్టం పిల్లలు అన్న మాటలో కొడుకుతో పాటు బిడ్డనూ, మనుమలనూ, మనుమరాళ్లనూ చేర్చింది. భూమి ఇద్దరు కొడుకులకే రాసిచ్చినా, అమ్మా నాన్నలను నేను చూసుకుంటానని ముందుకు వచ్చిన బిడ్డ మనసు ఎంత పెద్దదో మీ భార్యకు చెప్పండి. ఆమె పిలుపును పాపమని తోసిపుచ్చడం ఆమెను నొప్పించడమే. తలకొరివి గురించి కూడా ఆమెకు ధైర్యం చెప్పండి. బిడ్డలు తల్లిదండ్రులకు తలకొరివి పెట్టడం మన తెలంగాణ పల్లెల్లో ఇప్పుడు వింత కాదు. ఎప్పుడో జరగబోయే ఆ ఒక్క పూట కోసం, బతికి ఉన్న ఏళ్లన్నీ విడివిడిగా గడపడం ఎందుకు?

బిడ్డ పిలిచింది కదా అని బరువంతా అక్కడ దించడం కూడా న్యాయం కాదు. అల్లుడి తల్లిదండ్రులు ఎక్కడ ఉన్నారు, వాళ్లకు ఏ ఇబ్బందీ రాకుండా ఉంటుందా అని ముందుగా అల్లుడితో మీరే మాట్లాడండి. కొడుకులిద్దరూ నెలనెలా ఇంత అని పంపాలి, మందుల ఖర్చు విడిగా చూసుకోవాలి. మీకు ఆసరా (ఇప్పుడు చేయూత) పింఛను వస్తుంటే దాన్ని మీ చేతిలోనే ఉంచుకోండి. నెలకు వచ్చే ఆ 2,016 రూపాయలతో మనుమలకు పండుగ పూట ఏదైనా కొనిపెట్టగలగడం కూడా మీ మర్యాదలో భాగమే.

పెద్దవాడు సెలవుకు వచ్చినప్పుడు, లేదా ఫోనులో అతణ్ణి చూపిస్తూ, ముగ్గురు పిల్లలనూ ఒక్కచోట కూర్చోబెట్టండి. పాత లెక్కలు, ఎవరు ఎంత పెట్టారన్న మాటలు తేవద్దు. మేమిద్దరం ఇకమీదట ఒక్కచోటే ఉంటాం, ఎక్కడన్నది మీరు తేల్చండి అని ఒకే మాట చెప్పి, ఎవరు ఎంత అన్నా ఆ మాట మీద నిలబడండి. మీరు ఇంతకాలం వాళ్లకు ఇబ్బంది కలగకూడదని అడగకుండా ఊరుకున్నారు. వాళ్లు దాన్ని మీ సమ్మతి అనుకుని ఉండవచ్చు. కోడె మొక్కు మీ ఇద్దరిదీ కాబట్టి దానికి ఎవరి వంతూ చూడవలసిన పని లేదు. మీ పింఛను డబ్బులతో కోడె టికెట్టు మీరే తీసుకొని, తాడు చెరొక చేత్తో పట్టుకొని గుడి చుట్టూ తిప్పి కట్టి రండి.

ఇంత చెప్పినా పిల్లలు వినకపోతే చట్టం ఉంది. దాని దాకా పోవాలని నేను కోరుకోవడం లేదు, కానీ ఉన్నదని మీకు తెలిసి ఉండాలి. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ఆర్డీవో దగ్గర ఉండే ట్రిబ్యునల్‌కు మీరే కాగితం మీద దరఖాస్తు ఇవ్వవచ్చు, మీ తరఫున ఇంకొకరు కూడా ఇవ్వవచ్చు. పిల్లలకు నోటీసు అందిన తర్వాత 90 రోజుల్లో తేల్చాలన్నది నియమం. నెలకు 10,000 రూపాయల వరకు పోషణ ఖర్చు ఇప్పించే అధికారం ఉంది. భూమి రాసిచ్చిన పత్రంలో మిమ్మల్ని చూసుకోవాలన్న షరతు ఉండి, దాన్ని వారు నిలబెట్టుకోకపోతే, ఆ బదిలీ చెల్లదని ప్రకటించమని 23వ సెక్షన్ కింద కోరవచ్చు. కాబట్టి ఆ పత్రాల నకలు తీసుకొని, షరతు ఉందో లేదో చదువుకున్నవారితో ఒకసారి చూపించుకోండి. ఏ సందేహం ఉన్నా వయోవృద్ధుల కోసం ప్రభుత్వం నడుపుతున్న 14567 నంబరుకు ఫోను చేయవచ్చు, దానికి డబ్బు ఖర్చు కాదు. మాట్లాడేటప్పుడు పిల్లల మీద ఫిర్యాదు చేస్తున్నామన్న బెరుకు మీకు ఉంటుంది. సలహా కోసమే అడుగుతున్నామని మొదటే చెప్పండి.